ఆల్బమ్, 4కే వీడియో పనికి కొత్త పీసీ: షాపువాళ్ళు ఇచ్చిన కొటేషన్ ఇది, తీసుకోవచ్చా?

నాగావళి_స్టూడియో

మాది శ్రీకాకుళం, డే అండ్ నైట్ జంక్షన్ దగ్గర చిన్న స్టూడియో. పెళ్ళి ఆల్బమ్‌లు, వీడియో ఎడిటింగ్ నేనే చేసుకుంటాను. ఇప్పుడున్నది నాలుగో జనరేషన్ ఐ5, 16 జీబీ ర్యామ్, 2 జీబీ పాత గ్రాఫిక్ కార్డు. 2025 అక్టోబరులో విండోస్ 10కి అప్‌డేట్లు ఆగిపోయాయి. 11 ఎక్కిద్దామంటే ఈ ప్రాసెసర్‌కి కుదరదంటోంది. అదొక్కటే అయితే ఇంకో ఏడాది లాగించేసేవాణ్ణి. 4కే క్లిప్పు టైమ్‌లైన్ మీద పెడితే బొమ్మ ఒకచోట, మాట ఒకచోట. మూడు ముళ్ళూ పడిపోయాక మేళం వినిపిస్తోంది.

ఊళ్ళో ఒక షాపులో కొటేషన్ తీసుకున్నాను. ఐ7 14700ఎఫ్, 16 జీబీ డీడీఆర్5 ర్యామ్ (ఒకటే స్టిక్కు), ఆర్టీఎక్స్ 4060 8 జీబీ గ్రాఫిక్ కార్డు, 512 జీబీ ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ, 2 టీబీ హార్డ్ డిస్కు, "గేమింగ్ 600 వాట్స్" ఎస్ఎంపీఎస్ (పవర్ సప్లై, కంపెనీ పేరు రాయలేదు), ఆరు ఫ్యాన్ల ఆర్జీబీ (రంగుల లైట్ల) క్యాబినెట్. మానిటర్ పాతదే. మొత్తం లక్షా పదివేల దాకా అవుతోంది.

ఇదే సిస్టమ్ మీద రాత్రిళ్ళు మా ఆవిడ ట్యాలీ చేస్తుంది. ఇంటర్ చదివే మావాడికి బ్లెండర్ (త్రీడీ బొమ్మల సాఫ్ట్‌వేర్) పిచ్చి, దాని పేరు చెప్పి గేములు. తీసుకోవచ్చా? ఏఎండీ వాళ్ళ రైజెన్ ప్రాసెసర్ అయితే వేడెక్కిపోద్దని షాపాయన అంటున్నాడు, నిజమేనా?

బొబ్బిలివీణ

ఆరు ఫ్యాన్ల లైటింగ్ ఎందుకన్నా, సిరిమానోత్సవానికి పందిరేస్తున్నారా?

రెండర్_రాజు

కొటేషన్ సంగతి తర్వాత. కెమెరా ఏది, ఏ ఫార్మాట్‌లో తీస్తున్నారు? 8 బిట్టా 10 బిట్టా? 4:2:0నా 4:2:2నా? (వీడియోలో రంగుల వివరం ఎంత దాస్తుందన్న లెక్కలివి.) అది తెలీకుండా ప్రాసెసర్ గురించి ఎవరు ఏం చెప్పినా గాల్లో మాటే.

గంటస్తంభం_గేమర్

ఇప్పుడు 4060 కొనడం ఏటి? అది 2023 జూన్‌లో వచ్చిన కార్డు. 2025 మేలో 5060 వచ్చేసింది. మిగిలిపోయిన సరుకు అన్నకి అంటగడుతున్నట్టున్నారు.

నాగావళి_స్టూడియో

@రెండర్_రాజు సోనీ. ఎక్స్ఏవీసీ హెచ్ఎస్ 4కే, 10 బిట్ 4:2:2. రంగులు దిద్దుకోడానికి వీలుంటుందని అలా పెట్టుకున్నాను. డ్రోన్ క్లిప్పులు, చుట్టాల ఫోన్ క్లిప్పులు కూడా కలుస్తుంటాయి.

రెండర్_రాజు

అదే అనుకున్నాను. హెచ్ఎస్ అంటే హెచ్ఈవీసీ. కెమెరా ఆ వీడియోని బాగా కుదించి దాస్తుంది. మీరు టైమ్‌లైన్ మీద లాగినప్పుడల్లా కంప్యూటర్ దాన్ని విప్పుకోవాలి. ఆ పనికి గ్రాఫిక్ చిప్పులో విడిగా ఒక భాగం ఉంటుంది. అది మీ ఫార్మాట్‌ని గుర్తుపడితే ఐ5 మీదైనా సాఫీగా నడుస్తుంది. గుర్తుపట్టకపోతే భారమంతా మామూలు కోర్ల మీద పడుతుంది, అప్పుడు ఐ7 అయినా రొప్పుతుంది.

10 బిట్ 4:2:2 హెచ్ఈవీసీని విప్పే సదుపాయం ఇంటెల్ 11వ జనరేషన్ నుంచీ వాళ్ళ లోపలి గ్రాఫిక్స్‌లో ఉంది, క్విక్ సింక్ అంటారు. ఎన్‌విడియా 30, 40 సిరీస్ కార్డులకి 4:2:2 రాదు, 50 సిరీస్ నుంచే ఇచ్చారు. ఇప్పుడు మీ కొటేషన్ మళ్ళీ చూసుకోండి. 14700ఎఫ్‌లో లోపలి గ్రాఫిక్స్ ఉండదు, ఎఫ్ అని ఉన్నవన్నీ అంతే. పక్కన పెట్టింది 4060. అంటే రెండు దారులూ మూసేశారు. లక్షా పది పోసి మళ్ళీ అదే మేళం వినాలి.

నన్నడిగితే ఐ5 14500, ఎఫ్ లేనిది. 14 కోర్లు, యూహెచ్‌డీ 770 గ్రాఫిక్స్, అందులో ఈ విప్పే ఇంజిన్లు రెండు. 12400, 14400ల్లో వచ్చే 730లో ఒకటే ఇంజిన్.

బొబ్బిలివీణ

ఎఫ్ అంటే ఫాస్ట్ అని చెప్పి అమ్మారు మా బావకి.

ఎచ్చెర్ల_బీటెక్

14700 అయితే ఇంకో సంగతి కూడా ఉంది. ఇంటెల్ 13, 14 జనరేషన్ పెద్ద చిప్పులకి వోల్టేజీ ఎక్కువై లోపల దెబ్బతినే సమస్య వచ్చింది. 2024లో మైక్రోకోడ్ (చిప్పు లోపలి ప్రోగ్రామ్) దిద్దుబాట్లు ఇచ్చారు (0ఎక్స్129, తర్వాత 0ఎక్స్12బీ), వారంటీ రెండేళ్ళు పొడిగించారు. తీసుకుంటే మాత్రం మొదటిరోజే బయోస్ (బోర్డు లోపలి ప్రోగ్రామ్, ఆ దిద్దుబాటు వచ్చేది అందులోనే) అప్‌డేట్ చేయించుకోవాలి. పాత బయోస్‌తో నెలల తరబడి నడిపితే అప్పటికే జరిగిన దెబ్బని అప్‌డేట్ వెనక్కి తేలేదు.

గంటస్తంభం_గేమర్

రాజు అన్నా, 14500 మంచిదే గానీ బోర్డు మీద అది కూర్చునే సాకెట్‌కి ఇంక కొత్త తరం చిప్పులు రావు. రైజెన్ 5 7600, పైన 5060 పెట్టుకుంటే 4:2:2 పని 5060 చూసుకుంటుంది. ఆ రైజెన్ కూర్చునే ఏఎం5 సాకెట్‌కి 2027 దాకా, ఆపైనా కొత్త చిప్పులిస్తామని ఏఎండీ చెప్పింది.

వేడి గురించి ఒక మాట. 7600 రేటింగు 65 వాట్లు, గట్టిగా తొక్కితే 88. షాపాయన ఇస్తానంటున్న 14700ఎఫ్ టర్బోలో 219 వాట్ల దాకా లాగుతుంది. మరి ఏది వేడెక్కుద్ది?

రెండర్_రాజు

5060 పెట్టేట్టయితే ప్రాసెసర్ ఏదైనా పర్లేదు, ఒప్పుకుంటాను. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ మాత్రం కొత్త వెర్షన్ ఉండాలి, పాతదానికి ఆ కార్డు 4:2:2 విప్పగలదన్న సంగతే తెలీదు.

సాకెట్ వాదన నేను ఒప్పుకోను. నాలుగో జనరేషన్ 2013లో వచ్చింది, అన్న దాన్ని ఇంకా వాడుతున్నాడు. స్టూడియోలవాళ్ళు ప్రాసెసర్ ఒక్కటీ పీకి మార్చడం నేనెక్కడా చూడలేదు. మారిస్తే మొత్తం మార్చేస్తారు.

గంటస్తంభం_గేమర్

వాళ్ళబ్బాయి మార్చుకుంటాడులే.

క్యాడ్_కుమారి

విజయనగరంలో ఇళ్ళ ప్లాన్లు, త్రీడీ ఎలివేషన్లు చేస్తాను. మీరందరూ వీడియో గురించే మాట్లాడుతున్నారు, ఆయన మొదట చెప్పింది ఆల్బమ్. 12x36 అంగుళాల షీటు 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) అంటే 3600 x 10800 పిక్సెళ్ళు, దాదాపు 3 కోట్ల 89 లక్షలు. 8 బిట్‌లో ఒక్క పూర్తి లేయరే 117 ఎంబీ. 16 బిట్ చేస్తే రెట్టింపు. బ్యాక్‌గ్రౌండు, పూలు, ఫ్రేములు, నాలుగు ఫోటోలు, హిస్టరీ అన్నీ కలిపితే ఒక్క షీటే ఎన్నో జీబీలు మింగుతుంది, మనం తెరిచేది ఒక షీటు కాదు. ర్యామ్ నిండితే ఫోటోషాప్ డిస్కు మీద రాసుకుంటూ పోతుంది. అక్కడే మనకి "హ్యాంగ్ అయ్యింది" అనిపించేది. ఈ పనికి 4060 అయినా 5090 అయినా పెద్ద తేడా ఉండదు. ర్యామ్ 32 ఉండాలి, రెండు స్టిక్కులుగా. ఒకటే స్టిక్కు అంటే మెమరీ దారి సగమే తెరిచినట్టు, లోపలి గ్రాఫిక్స్ అయితే ఇంకా నీరసపడుతుంది.

గ్రాఫిక్ కార్డు అవసరం మీ అబ్బాయి బ్లెండర్‌కి, నా త్రీడీ ఎలివేషన్లు చేసే లూమియన్‌కి. అక్కడ వేగం కంటే ముందు కార్డు మీది మెమరీ చూడాలి. సీను 8 జీబీ దాటిందంటే రెండర్ ఈడ్చుకుంటూ పోతుంది, లేదంటే మెమరీ చాల్లేదని ఆగిపోతుంది. నేను 3060 12 జీబీ అందుకే ఇంకా అమ్మలేదు, 2021 కార్డు అయినా.

సిరిమాను_ఫ్లెక్స్

నా ఫ్లెక్స్ షాపులో 10వ జనరేషన్ ఐ3, గ్రాఫిక్ కార్డే లేదు. 10x20 అడుగుల బ్యానర్ 72 డీపీఐలో వేస్తే 8640 x 17280, సీఎంవైకేలో (ప్రింటు రంగుల పద్ధతి) 600 ఎంబీకి దగ్గర. కోరెల్‌లో చక్కగా నడుస్తోంది. రోడ్డు అవతల నుంచి చూసే బొమ్మకి 72 చాలు. ఎన్నికలప్పుడు కూడా ఆగలేదు. ఊరికే జనాన్ని భయపెట్టి ఖర్చు పెట్టిస్తన్నారు.

క్యాడ్_కుమారి

@సిరిమాను_ఫ్లెక్స్ మీ పనికి అది చాలు, ఎవరు కాదన్నారు? పెళ్ళి ఆల్బమ్‌ని రోడ్డు అవతల నుంచి చూడరు కదండీ. అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని మరీ చూస్తుంది.

సిరిమాను_ఫ్లెక్స్

అదీ నిజమే.

సర్వీస్_మామయ్య

మీరంతా చిప్పు దగ్గరే కొట్టుకుంటన్నారు. పేరు లేని ఎస్ఎంపీఎస్ గురించి ఒక్కరూ అడగలేదేటి? నేను టెక్కలిలో రిపేరు బల్ల దగ్గర కూర్చునే మనిషిని, నాకు ముందు అదే కనిపిస్తాది.

స్టిక్కరు మీద పెద్దక్షరాల్లో 600 అని ఉంటాది. దాన్ని నమ్మొద్దు. కింద పట్టీలో 12 వోల్టుల గడి చూడండి, ఎన్ని ఆంపియర్లో రాస్తారు. 12తో గుణించండి. 25 ఆంపియర్లంటే 300 వాట్లే, ప్రాసెసరూ కార్డూ రెండూ తినేది ఆ లైను మీదే. మిగతా 300 స్టిక్కరు అచ్చేసినవాడి దగ్గర ఉంటాది. 80 ప్లస్ బ్రాంజ్, గోల్డ్ అన్నవి కరెంటు ఎంత వృథా అవుద్దో చెప్తాయి గానీ లోపల రక్షణ సర్క్యూట్లు ఉన్నాయో లేదో చెప్పవు. అందుకని పేరున్న కంపెనీది, అయిదేళ్ళ వారంటీ ఉన్నది తీసుకో. 5060కి 145 వాట్లు, 14500 గట్టిగా లాగితే ఇంకో నూట యాభై. మంచి 550 ఉంటే మిగులే.

మన జిల్లాలో ఇది మరీ ముఖ్యం. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు. కరెంటు వచ్చాకే నాకు పని మొదలైంది. లైను వచ్చీ పోయీ, వచ్చీ పోయీ, ఆ కుదుపులకి నా బల్ల మీద బోర్డులు పెట్టడానికి చోటు లేదు. సప్లై ఒక్కటే పోయినవాళ్ళు అదృష్టవంతులు. చవక సప్లై పోతా పోతా బోర్డునీ హార్డ్ డిస్కునీ కూడా పట్టుకుపోద్ది. డిస్కులో జనాల పెళ్ళిళ్ళుంటాయి, అవి మళ్ళీ చేసుకోరు.

యూపీఎస్ కూడా మార్చు. 600 వీఏ డబ్బా అంటే చాలావాటికి 360 వాట్లే. రెండర్ నడుస్తున్నప్పుడు కరెంటు పోతే అది మొయ్యలేక తనూ పోతాది. కనీసం 1000 వీఏ చూడు, 600 వాట్లుంటాది. ఇంకోటి, మూడో పిన్ను. పాత ఇళ్ళల్లో ప్లగ్గుకి మూడు కన్నాలుంటాయి, ఎర్తు వైరు మాత్రం ఉండదు. క్యాబినెట్ ముట్టుకుంటే చెయ్యి జివ్వుమంటే ముందు ఎలక్ట్రీషియన్ని పిలు, కంప్యూటర్ వాణ్ణి కాదు.

పలాస_జీడిపప్పు

మామయ్య చెప్పిన తిత్లీ బ్యాచ్‌లో మాదొకటి.

క్యాబినెట్ గురించి నేనొకటి చెప్తాను. మా జీడిపప్పు బట్టీల వైపు మసీ జిడ్డూ కలిసి ఫ్యాన్ రెక్కలకి అట్ట కట్టేస్తాది, బ్రష్షుకి రాదు. ముందు వైపు అద్దం ఉన్నది కొనొద్దు, గాలి ఆడదు. జల్లెడ ముఖం, ఊడదీసి కడుక్కునే ఫిల్టరు ఉన్నది కొను. ఫ్యాన్లు మూడు చాలు. సముద్రం దగ్గరోళ్ళకి స్క్రూలు తుప్పు పట్టడం మామూలే.

ఎచ్చెర్ల_బీటెక్

ల్యాప్‌టాప్ తీసుకోకూడదా? మండపం దగ్గరే కట్ చేసి ఎల్ఈడీ వాల్ మీద వేసెయ్యొచ్చు.

గంటస్తంభం_గేమర్

తమ్ముడూ, ల్యాప్‌టాప్‌లో 4060 అని స్టిక్కరు ఉంటే సరిపోదు. అదే పేరుతో 35 వాట్లదీ ఉంటుంది, 115 వాట్లదీ ఉంటుంది. ఎంత పవర్ ఇచ్చారో కంపెనీ సైట్‌లో స్పెసిఫికేషన్ పేజీ చూడకపోతే మోసపోయినట్టే. పైగా మే నెలలో శ్రీకాకుళంలో ఏసీ లేని గదిలో రెండర్ పెట్టి చూడు, చేతులు పెట్టలేవు.

ఉద్దానం_కొబ్బరి

ఇంత గొడవెందుకు, సెకండ్‌హ్యాండ్‌లో 3080 దొరుకుతోంది. 10 జీబీ. హైదరాబాద్ నుంచి తెప్పిస్తారు మా ఫ్రెండు వాళ్ళు.

రెండర్_రాజు

3080 అంటే 320 వాట్లు. మామయ్య ఊరుకుంటాడా? దానికీ 4:2:2 రాదు. పైగా 2022 సెప్టెంబరులో గ్రాఫిక్ కార్డులతో చేసే ఇథీరియం (క్రిప్టో డబ్బు) మైనింగ్ ఆగిపోయాక ఆ గనుల్లోంచి బయటపడ్డ కార్డులు బజారంతా తిరిగాయి. మైనింగ్‌లో వాడినంత మాత్రాన చెడిపోయినట్టు కాదు. ఫ్యాన్లు అరిగి, మెమరీ ప్యాడ్లు ఎండిపోయి ఉండొచ్చు.

సెకండ్‌హ్యాండ్ కొనేవాళ్ళు ఎవరైనా సరే, డబ్బు చేతిలో పెట్టేముందు జీపీయూ-జెడ్ (కార్డు వివరాలు చూపే సాఫ్ట్‌వేర్) తెరిచి చూడండి. పాత చిప్పుకి కొత్త పేరు రాసి అమ్మే కార్డులుంటే చాలావాటిని అది "ఫేక్" అని చూపిస్తుంది. తర్వాత ఫర్‌మార్క్ (కార్డుని గట్టిగా తొక్కే టెస్టు) ఓ పావుగంట తిప్పి వేడి ఎక్కడ ఆగుతోందో, తెర మీద చుక్కలేమైనా వస్తున్నాయో చూడండి. ఆ పావుగంట ఇవ్వనన్నవాడి దగ్గర కొనొద్దు.

పొందూరు_పోగు

పాత మానిటర్ గురించి ఎవరూ మాట్లాడరేం? మా చెల్లి పెళ్ళి ఆల్బమ్‌లో పట్టుచీర మెరూన్ కాస్తా ఇటుక రంగులో వచ్చింది. ఎడిటింగ్ చేసినాయన "నా తెర మీద బాగానే ఉందండీ" అన్నాడు. ఆ తెర చూశాను. కొంచెం తల పక్కకి తిప్పితే ముఖాలన్నీ నల్లబడిపోతున్నాయి.

క్యాడ్_కుమారి

టీఎన్ ప్యానెల్ (పక్క నుంచి చూస్తే రంగు మారే రకం తెర) అయ్యుంటుంది. మంచి పాయింటు. నాగావళి గారూ, ఆర్జీబీ ఫ్యాన్లు, ఐ7 తీసేస్తే మిగిలే డబ్బుని మానిటర్‌లో పెట్టండి. ఐపీఎస్ (పక్క నుంచి చూసినా రంగు పెద్దగా మారని తెర), ఎస్ఆర్జీబీ (తెర చూపాల్సిన రంగుల కొలత) 100 శాతం అని రాసున్నది, 27 అంగుళాలకి 1440పీ. ల్యాబ్‌వాళ్ళు మామూలుగా ఎస్ఆర్జీబీలోనే ఫైలు అడుగుతారు. బ్రైట్‌నెస్ తగ్గించుకోండి. కొత్త మానిటర్ ఫుల్ బ్రైట్‌లో పెట్టి దిద్దితే ప్రింటు చీకటిగా వస్తుంది, ల్యాబ్ వాణ్ణి తిడతారు. వీలైతే క్యాలిబ్రేటర్ (తెర రంగులు సరిచేసే పరికరం) ఎవరిదైనా అరువు తెచ్చుకోండి.

నాగావళి_స్టూడియో

ఇంత వస్తుందనుకోలేదు. పాత ర్యామ్ 16 జీబీ ఇందులో వేసుకోవచ్చా? ర్యామ్ రేటు అడిగితే షాపాయన నవ్వాడు.

ఎచ్చెర్ల_బీటెక్

మీది డీడీఆర్3 అన్నా. గాడి వేరు, వోల్టేజీ వేరు, పట్టదు.

ర్యామ్ రేటుకి ఆయన నవ్వింది వేరే కారణానికి. 2025 చివర్నుంచి మెమరీ చిప్పులు చాలామటుకు ఏఐ డేటా సెంటర్లకి పోతున్నాయి, అందుకే రేట్లు పెరిగిపోయాయి. డిసెంబరులో మైక్రాన్ అయితే క్రూషియల్ పేరుతో మామూలు జనానికి అమ్మే వ్యాపారమే మానేస్తామని ప్రకటించింది. 14500కి డీడీఆర్4 బోర్డు కూడా దొరుకుతుంది. వాడేసిన డీడీఆర్4 16 జీబీ స్టిక్కులు రెండు సంపాదించి, మెమ్‌టెస్ట్86 (ర్యామ్ పరీక్షించే సాఫ్ట్‌వేర్) రాత్రంతా తిప్పి, ఒక్క ఎర్రరూ లేకపోతే వాడుకోండి. ర్యామ్ సెకండ్‌హ్యాండ్‌లో కొనడానికి పెద్ద భయం లేదు, అరిగే భాగాలేవీ ఉండవు.

గంటస్తంభం_గేమర్

ఏఎం5కి డీడీఆర్5 తప్ప వేరే దారి లేదు. ఈ ర్యామ్ ధరల్లో రాజు అన్న పార్టీయే గెలిచింది, నేను కూర్చుంటున్నా.

బొబ్బిలివీణ

రాసి పెట్టుకోండి, గేమర్ ఒకటి ఒప్పుకున్నాడు.

ఉద్దానం_కొబ్బరి

వైజాగ్ ద్వారకానగర్‌లోనో, సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లోనో కొంటే తక్కువకి వస్తుంది కదా? ఆన్‌లైన్ ఇంకా తక్కువ.

సర్వీస్_మామయ్య

వస్తాది. కార్డు పోయిన రోజు మళ్ళీ అక్కడికి నువ్వే మోసుకెళ్ళాలి, పెళ్ళి డెలివరీ నెత్తి మీద పెట్టుకుని. ఊళ్ళో షాపువాడు రెండు మూడు వేలు ఎక్కువ తీసుకున్నా పర్లేదు, పొద్దున్న ఫోను చేస్తే సాయంత్రానికి వస్తాడా అన్నది చూడు. జీఎస్టీ బిల్లు అడుగు. స్టూడియోకి రిజిస్ట్రేషన్ ఉంటే 18 శాతం ఇన్‌పుట్ క్రెడిట్ వస్తాది.

ఉద్దానం_కొబ్బరి

మామయ్యా, ఊళ్ళో షాపువాడే కదా పేరు లేని ఎస్ఎంపీఎస్ ఇచ్చింది?

సర్వీస్_మామయ్య

అందుకే చూసుకుని కొనమంటన్నా.

రెండర్_రాజు

నాగావళి అన్నా, వాదించి లాభం లేదు. మీ క్లిప్పులు ఓ రెండు పెన్‌డ్రైవ్‌లో వేసుకుని షాపుకెళ్ళండి. డెమోకి పెట్టిన మిషన్ ఏదున్నా సరే, డెస్క్‌టాప్ మీదకి కాపీ చేసి టైమ్‌లైన్ మీద ఆడించమనండి. పక్కన టాస్క్ మేనేజర్ తెరిచి, పెర్ఫార్మెన్స్‌లో జీపీయూ మీద నొక్కితే "వీడియో డీకోడ్" అని ఒక గ్రాఫు ఉంటుంది. క్లిప్పు నడుస్తున్నప్పుడు ఆ గీత లేస్తే కార్డు పనిచేస్తోంది. అది పడుకుని సీపీయూ గీత ఆకాశానికి పోతే చిప్పుకి మీ ఫార్మాట్ తెలీదు.

నాగావళి_స్టూడియో

వెళ్ళొచ్చాను. ఎవరికో కట్టి పెట్టిన 14700ఎఫ్, 4060 మిషనే ఉంది, దాని మీదే ఆడించాం. డీకోడ్ గీత కదల్లేదు. సీపీయూ ఎనభై దాటింది, బొమ్మ ఆగి ఆగి వచ్చింది. ఫోన్‌లో తీసిన క్లిప్పు పెడితే అదే మిషన్ వెన్నలా నడిచింది. షాపాయన కూడా తల గోక్కున్నాడు, ఆయనకీ ఈ సంగతి తెలీదు. మంచివాడే, ఎవరు కొన్నా అదే సెట్టు కట్టి ఇచ్చేస్తాడంతే.

కొత్త కొటేషన్: ఐ5 14500, డీడీఆర్4 బోర్డు, 5060 8 జీబీ, 1 టీబీ ఎన్‌వీఎంఈ, 2 టీబీ హార్డ్ డిస్కు, పేరున్న కంపెనీ 550 వాట్ల ఎస్ఎంపీఎస్, జల్లెడ ముఖం క్యాబినెట్. ర్యామ్ నేనే తెచ్చుకుంటానన్నాను. 27 అంగుళాల ఐపీఎస్ కలిపితే లక్షా పదికి కొంచెం పైన. యూపీఎస్ వచ్చే నెల. మావాడు మొహం మాడ్చుకున్నాడు, 12 జీబీ కార్డు కావాలట.

క్యాడ్_కుమారి

ఇంటర్ పిల్లాడి బ్లెండర్ సీన్లకి 8 సరిపోతుంది. నిండినప్పుడు టెక్స్చర్లు 4కే నుంచి 2కేకి దించుకోవడం నేర్చుకుంటాడు, అది కూడా పనే.

గంటస్తంభం_గేమర్

5060 పెట్టాక 14500 ఎందుకన్నా, 12400ఎఫ్ చాలు కదా, ఎనిమిది వేలు మిగుల్తాయి?

రెండర్_రాజు

కార్డు రిపేరుకి వెళ్ళిన రోజు ఆ ఎఫ్ మిషన్ తెర కూడా వెలగదు. 14500 అయితే లోపలి గ్రాఫిక్స్ మీద ఎడిటింగ్ సాగిపోతుంది. ఆవిడ ట్యాలీ కూడా. ఎక్స్‌పోర్ట్‌లో ఆ ఎక్కువ కోర్లు కలిసొస్తాయి.

నాగావళి అన్నా, బయోస్‌లో లోపలి గ్రాఫిక్స్‌ని ఆన్‌లో ఉంచమని చెప్పండి. కార్డు పెట్టగానే కొన్ని బోర్డులు దాన్ని ఆపేస్తాయి. మానిటర్ వైరు మాత్రం కార్డుకే పెట్టండి.

బొబ్బిలివీణ

ఇది నవ్వులాట కాదు. మా బావ కార్డు కొని, హెచ్‌డీఎంఐ వైరు బోర్డుకి గుచ్చి, "గేములో తేడా ఏం లేదు" అని ఏడాది తిట్టుకున్నాడు.

పలాస_జీడిపప్పు

మొదట ఎఫ్ చిప్పన్నావు, ఎఫ్ అయితే బోర్డుకి గుచ్చితే బొమ్మే రాదుగా?

బొబ్బిలివీణ

ఇది ఇంకో బావ.

నాగావళి_స్టూడియో

అడ్వాన్సు ఇచ్చేశాను. డెలివరీ తీసుకునేటప్పుడు ఇంకేం చూడాలి?

సర్వీస్_మామయ్య

డబ్బాలన్నీ నీ ముందే విప్పమను. బిల్లు మీద కార్డు, బోర్డు, ఎస్ఎంపీఎస్, ఎస్ఎస్‌డీ సీరియల్ నంబర్లు రాయించు, డబ్బా మీదవీ వస్తువు మీదవీ ఒకటో కాదో చూసుకో. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో తెరిస్తే ఎస్ఎస్‌డీ ఎన్ని గంటలు నడిచిందో చెప్తాది, కొత్తదానికి వందల గంటలుంటే తిరిగిచ్చెయ్. సినీబెంచ్ (ప్రాసెసర్ టెస్టు) ఓ అరగంట తిప్పి వేడి చూడు. ఖాళీ డబ్బాలు పారెయ్యకు, వారంటీకి అడుగుతారు.

యూపీఎస్ వచ్చే నెలంటే కుదరదు. మిషన్‌తోపాటే బేగి తెచ్చేసుకో, వర్షాలు మొదలయ్యాయి.